∞ రాయాలా, ℵ₀ రాయాలా: అనంతానికి ఏ గుర్తు మేలు?

"అనంతానికి ∞ ఉంది కదా సార్, మళ్ళీ ఈ ఆలెఫ్ సున్నా (ℵ₀) ఎందుకు?" అని డిగ్రీలో చేరిన పిల్లలు ఏటా అడుగుతారు. ఈమధ్య ఇంటర్ వాళ్ళు కూడా వీడియోలు చూసి అడుగుతున్నారు, అందుకని రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే. మీరు అడుగుతున్నది "ఎటు పోతోంది?" అనా, "ఎన్ని ఉన్నాయి?" అనా?

∞ మొదటిసారి కనిపించేది 1655లో, ఇంగ్లండ్‌లో జాన్ వాలిస్ శాంకవాల మీద రాసిన పుస్తకంలో. ఆయన త్రిభుజం వైశాల్యం కట్టిన తీరు చూడండి, ముచ్చటేస్తుంది. త్రిభుజాన్ని అడ్డంగా ∞ పట్టీలుగా కోశాడు, ఒక్కో పట్టీ మందం ఎత్తులో 1/∞ వంతు. పట్టీల పొడవులు పైన సున్నా నుంచి కింద భూమి దాకా సమానంగా పెరుగుతాయి కాబట్టి సగటు పొడవు భూమిలో సగం, అన్నీ కలిపితే ∞ × భూమి/2. దాన్ని ఎత్తు/∞తో గుణిస్తే పైన ∞, కింద ∞ కొట్టేసుకుని ½ × భూమి × ఎత్తు మిగిలింది. జవాబు కరెక్టే, కానీ ఇవాళ పరీక్షలో అలా ∞లు కొట్టేస్తే మార్కులు పోతాయి. పట్టీలు n అనుకుని, n పెరిగేకొద్దీ మొత్తం దేనికి దగ్గరవుతోందో చూడాలి, అంటే అవధి తీసుకోవాలి. వాలిస్ సంఖ్యలా వాడిన గుర్తు తర్వాతి వాళ్ళ చేతిలో ఒక దిశగా మారింది. [0, ∞) అని రాసేటప్పుడు ∞ పక్కన స్క్వేర్ బ్రాకెట్ ఎప్పుడూ పెట్టకపోవడానికి కారణం అదే, వాస్తవ సంఖ్యల రేఖ మీద అక్కడ చేరి నిలబడే బిందువంటూ లేదు. కెమెరా లెన్స్ మీద ఉండే ∞ కూడా అంతే, ఇక అక్కడినుంచి ఎంత దూరమైనా ఒకటే అని.

∞ − ∞ సున్నా అని రాసేవాళ్ళు మాత్రం కాస్త ఆగాలి. (n + 5) − n ఎప్పుడూ 5, n² − n అయితే అంతు లేకుండా పెరుగుతుంది, రెండూ పైకి చూస్తే ∞ − ∞ లాగే ఉంటాయి. జావాస్క్రిప్ట్‌లో 1/0 కొడితే ఇన్ఫినిటీ అని వస్తుంది, అందులోంచి ఇన్ఫినిటీ తీసేస్తే అది కూడా "నాట్ ఎ నంబర్" అని చేతులెత్తేస్తుంది.

ఇక ℵ₀. దీన్ని తెచ్చిన జార్జ్ కాంటర్ మొదట్లో ∞నే వాడాడు. తీరా ఆయనకు ∞ దాటి ∞ + 1, ∞ + 2 అంటూ ఇంకా ముందుకు పోవాల్సి వచ్చింది, ఎటో పెరిగిపోవడం అనే అర్థం బాగా అంటుకున్న ఆ పాత గుర్తు ఆ పనికి సరిపోక 1883లో ω (ఒమేగా) అనే గ్రీకు అక్షరం అందుకున్నాడు. సమితుల పరిమాణానికి ℵ₀ వచ్చింది 1895లో. n పక్కన 2n పెట్టుకుంటూ పోతే సహజ సంఖ్యలకీ సరి సంఖ్యలకీ ఒక్కటి కూడా మిగలకుండా జత కుదురుతుంది, రెండిటికీ ℵ₀. వాస్తవ సంఖ్యలతో అలా జత ఎన్నటికీ కుదరదని కాంటర్ 1874లోనే రుజువు చేశాడు. ఇప్పుడు మీరు రెండు చోట్లా ∞ అని రాస్తే గణితంలోని ఇంత గొప్ప విషయం కాగితం మీదే మాయమైపోతుంది! "ఎన్ని?" అన్న ప్రశ్నకు ∞ చాలదని నేను గట్టిగా అనేది ఇందుకే.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ω వరసలో స్థానానికి, సమితి సిద్ధాంతం లోతుగా చదివేవాళ్ళకు తప్ప పెద్దగా అవసరం పడదు. మూడు చుక్కలు జాబితా సాగుతోందని చెప్పడానికి చాలు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు చెప్పిన ఖహరం, అంటే సున్నా హారంగా ఉన్న రాశి, ఎంత కలిపినా తీసినా మారదన్న ఆలోచన గొప్పదే, గుర్తుగా మాత్రం వాడుకలో నిలవలేదు.

∞ ఆకారం ఎక్కణ్ణుంచి వచ్చిందని కూడా అడుగుతుంటారు. వాలిస్ చెప్పలేదు. వెయ్యికి రోమన్లు వాడిన పాత గుర్తు CIↃ నుంచి వచ్చిందని కొందరు, గ్రీకు చివరి అక్షరం ω నుంచని కొందరు. ఆ రోజుల్లో పుస్తకాల మొదటి పేజీలో సంవత్సరాన్ని ఆ రోమన్ గుర్తుతోనే అచ్చేసేవాళ్ళు, అది వాలిస్ కళ్ళముందు రోజూ ఉండేదే కాబట్టి నేను రోమన్ వెయ్యి వైపే మొగ్గుతాను. పడుకోబెట్టిన ఎనిమిదిలా ఉండే బెర్నూలీ లెమ్నిస్కేట్ అనే వక్రం నుంచి వచ్చిందనేది మాత్రం పొరపాటు, అది 1694 నాటిది.

మొత్తం మీద రోజువారీ పనికి నా ఓటు ∞కే, కలనగణితం అంతా దాని మీదే నడుస్తుంది. అవధుల్లో, [0, ∞) లాంటి అంతరాల్లో నిస్సంకోచంగా వాడండి. సహజ సంఖ్యలు ఎన్ని అని అడిగితే ఇంటర్‌లో "అనంత సమితి" అని మాటల్లో రాయండి, డిగ్రీలో ℵ₀ అని రాయండి, ఆ సున్నాని మాత్రం కిందే పెట్టండి, పక్కన పెడితే గుణకారంలా కనిపిస్తుంది.