సెకండ్ హ్యాండ్ కేరవాన్ కొనేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

ఇల్లు వదిలేసి బండిలోనే ఉంటూ దేశమంతా తిరుగుదాం అనుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. మేం నిండా మునిగాం. తప్పులో సగం మాదే, అది కూడా చెప్తాను.

నాకు 54, వీఆర్ఎస్ తీసుకున్నా, అమ్మాయి పెళ్లి అయిపోయింది. నిజాంపేటలో ఫ్లాట్ అద్దెకిచ్చి, ఆ అద్దెతో డీజిల్ కొట్టించుకుంటూ తిరుగుదామని నేనూ మా ఆవిడా రెండేళ్లుగా అనుకుంటున్నాం. బళ్లను కేరవాన్లుగా మార్చి అమ్మే ఒకతని దగ్గర టెంపో ట్రావెలర్ దొరికింది. మంచం, సింకు, బాత్రూమ్, పైన సోలార్, లోపల ఏసీ. చూడగానే మా ఆవిడ కర్టెన్లకి కిటికీల కొలతలు తీసుకోవడం మొదలెట్టింది, మేం బేరమాడేవాళ్లం కాదని అతనికి అక్కడే అర్థమైపోయి ఉంటుంది. 13 లక్షలు, ఒకేసారి కట్టేశాం.

ఆర్సీ చూడలేదని కాదు, చూశా. ఛాసిస్ నంబరు కలిసింది, లోన్ ఏమీ లేదు, ఇంకేం కావాలి అనుకున్నా. సీట్ల దగ్గర ఏముందో మాత్రం చూడలేదు. అందులో ఇంకా 12 ప్లస్ 1 మ్యాక్సీ క్యాబ్ అనే ఉంది, అంటే 12 మంది ప్యాసింజర్లు, ఒక డ్రైవరు ఉండే అద్దె బండి! సొంత బండికి అద్దె బళ్ల పసుపు బోర్డు ఏంటని అడిగితే "ట్రాన్స్‌ఫర్‌తో పాటే తెల్ల బోర్డు అయిపోతుంది సార్, ఆఫీసులో మనవాళ్లున్నారు" అన్నాడు. నమ్మేశా. అలా ఏం అవదు. కంపెనీ ఇచ్చిన బండిని ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది. అలా మార్చిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కేరవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఆమోదం తీసుకుని కట్టారా లేదా అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న. మాది షెడ్డులో కార్పెంటర్ కట్టిన బండి.

ఇదంతా మాకు ఎప్పుడు తెలిసిందంటే, అనంతపురం దాటి కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర చెకింగ్ వాళ్లు బండి ఆపి, పసుపు బోర్డు కాబట్టి పర్మిట్ అడిగినప్పుడు. అక్కణ్ణించే వెనక్కి తిప్పాం. ఈలోపు ఏదైనా యాక్సిడెంట్ అయి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమనేవాళ్లో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇక బ్యాటరీ సంగతి. "200 ఏహెచ్ లిథియం, రాత్రంతా ఏసీ వేసుకోండి సార్" అన్నాడు. మొదటి రాత్రే పదిన్నరకల్లా ఏసీ ఆగిపోయింది. మంచం కింద చెక్క విప్పి చూస్తే లిథియం అని స్టిక్కర్ అంటించిన మామూలు లెడ్ ఇన్వర్టర్ బ్యాటరీ. 12 వోల్టులు ఇంటూ 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అంటే మొత్తం కలిపి 2.4 యూనిట్ల కరెంటు, లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది అందులో సుమారు సగం. టన్ను ఏసీ గంటకి దాదాపు యూనిట్ తాగేస్తుంది. ఈ లెక్క ఐదో క్లాసు పిల్లాడు వేస్తాడు, నేను వేయలేదు. స్టిక్కర్ని నమ్మకండి, బ్యాటరీ పైకి ఎత్తి చూడండి. 200 ఏహెచ్ లిథియం పాతిక కిలోల చిల్లర ఉంటుంది, ఒక్కరే ఎత్తేస్తారు. మాది ఇద్దరం పట్టుకున్నా కదల్లేదు.

పైన ఫ్యాన్ కోసం కోసిన చోట వాన కారడం గురించి రాయను, ఓపిక లేదు.

అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ పని ఏంటంటే, బండి ఇంటికొచ్చిన వారంలోనే ఫ్లాట్ 11 నెలల అగ్రిమెంట్ మీద అద్దెకి ఇచ్చేశాం. అద్దెకి దిగినవాళ్లు మంచివాళ్లు, చిన్న పిల్లలున్నారు, ఖాళీ చేయమని ఏ మొహంతో అడుగుతాం? ప్రస్తుతం మా బావమరిది ఇంట్లో ఉంటున్నాం. మొదట్లో రోజూ కూరలు మారేవి, ఇప్పుడు మారట్లేదు. దయచేసి ముందు అలాంటి బండి ఒకటి అద్దెకి తీసుకుని పది రాత్రులు పడుకోండి, వాన పడే నెలలో అయితే మరీ మంచిది. డబ్బులు కూడా ఆర్సీ మీ పేరు మీదకి వచ్చేదాకా సగం ఆపి పెట్టుకోండి.

అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి కాల్ చేసి కంప్లైంట్ పెట్టాం, లాయర్ నోటీసు కూడా వెళ్లింది, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయబోతున్నాం. ఈలోపు బండి మళ్లీ రోడ్డెక్కాలంటే ఆర్సీలో ఉన్నట్టు సీట్లు బిగించుకోవడం ఒక్కటే దారి, ఆ సీట్లేమో అతను ఎప్పుడో పాత సామానోళ్లకి అమ్మేశాడట. టెంపో ట్రావెలర్ పాత సీట్లు 12 ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.