సీపీ2102 సీరియల్ మాడ్యూల్: కెర్నల్ నోరు విప్పేది ఇక్కడే

బోర్డుకు పవర్ ఇచ్చాక స్క్రీన్ నల్లగానే ఉండిపోతే, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మొదలైందో లేదో కూడా తెలియదు. లినక్స్‌లో కన్సోల్ డ్రైవర్ (సందేశాలను బయటికి చూపించే భాగం) రిజిస్టర్ అయ్యేదాకా ప్రింట్‌కే, అంటే కెర్నల్ రాసే సందేశాలన్నీ మెమరీలోని లాగ్ బఫర్‌లోనే ఉంటాయి. ఈలోపే ప్యానిక్ వచ్చి కెర్నల్ కుప్పకూలిందంటే ఒక్క అక్షరమూ బయటపడదు. అలాంటప్పుడు అక్కరకొచ్చేది కంప్యూటర్ యూఎస్‌బీకి పెట్టుకుని బోర్డు సీరియల్ సందేశాలు చూసుకునే ఈ చిన్న సీపీ2102 మాడ్యూలే.

కలపాల్సినవి మూడే వైర్లు. గ్రౌండ్‌కు గ్రౌండ్, మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్) బోర్డు టీఎక్స్ (పంపే పిన్), మాడ్యూల్ టీఎక్స్‌కు బోర్డు ఆర్‌ఎక్స్. 5 వోల్టుల పిన్ జోలికి పోవద్దు. సిగ్నల్ 3.3 వోల్టులది కాబట్టి, 1.8 వోల్టుల యూఆర్ట్ (సీరియల్ పోర్టు) ఉన్న బోర్డుకు మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ తప్పనిసరి. మాడ్యూల్ మీద అనుమానం ఉంటే దాని టీఎక్స్, ఆర్‌ఎక్స్ రెండూ కలిపి టెర్మినల్‌లో ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసింది తిరిగి కనిపిస్తే మాడ్యూల్ బాగానే ఉన్నట్టు. బోర్డుకు కలిపాక పిచ్చి గీతలు వస్తుంటే బాడ్ రేటు, అంటే సీరియల్ వేగం, తప్పు. ఏమీ రాకపోతే ముందు చూడాల్సింది తారుమారైన వైర్లనే.

మాడ్యూల్ పెట్టగానే పని అయిపోదు, కెర్నల్‌కు కూడా చెప్పాలి. బోర్డు హార్డ్‌వేర్‌ను వివరించే డివైస్ ట్రీలో స్టడౌట్-పాత్ (సందేశాలు ఏ పోర్టుకు వెళ్లాలో చెప్పే వరుస) ఉంటే, బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే కమాండ్ లైన్‌లో ఎర్లీకాన్ (తొలి కన్సోల్) అన్న ఒక్క మాట సరిపోతుంది. లేకపోతే డ్రైవర్ పేరు, యూఆర్ట్ చిరునామా కూడా ఇవ్వాలి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్లలో ఇలాంటి పనికే ఎర్లీప్రింట్‌కే ఉంది. సందేశాలు వస్తూ వస్తూ 'బూట్‌కన్సోల్ డిసేబుల్డ్' దగ్గర ఆగిపోతే చాలామంది అక్కడే హ్యాంగ్ అయిందనుకుంటారు. నిజానికి అప్పుడు తొలి కన్సోల్ తప్పుకుని అసలు డ్రైవర్ పగ్గాలు అందుకుంటుంది. కమాండ్ లైన్‌లోని కన్సోల్ పారామీటర్ తప్పుగా ఉన్నా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. కీప్_బూట్‌కాన్ జోడిస్తే ఆ తర్వాతి వరుసలూ వస్తాయి, కొన్ని రెండేసి సార్లు వచ్చినా ఫర్వాలేదు. ఇగ్నోర్_లాగ్‌లెవెల్, ఇనిట్‌కాల్_డీబగ్ కూడా పెడితే కెర్నల్ ఏ ఇనిట్ ఫంక్షన్ (మొదట్లో నడిచే సిద్ధం చేసే కోడ్) లోపలికి వెళ్లి తిరిగి రాలేదో పేరుతో సహా దొరుకుతుంది. ఈ వెతుకులాటలో ఇంతకన్నా విలువైన సమాచారం లేదు.

వేగం విషయంలో మాత్రం ఓపిక పట్టాల్సిందే. 115200 బాడ్ అంటే సెకనుకు 11520 అక్షరాలే. ఎర్లీకాన్ ఒక్కో అక్షరం వెళ్లేదాకా ఆగుతుంది కనుక బూట్ కూడా నెమ్మదిస్తుంది.

అసలు లోపం వేరే ఉంది. సీపీ2102 సెకనుకు 10 లక్షల బిట్లు దాటదు. చాలా రాక్‌చిప్ (ప్రాసెసర్ల కంపెనీ) బోర్డుల కన్సోల్ 1500000 దగ్గర నడుస్తుంది, అక్కడ ఇది చేతులెత్తేస్తుంది. అలాంటి బోర్డు ఉంటే 30 లక్షల బాడ్ దాకా వెళ్లే ఎఫ్‌టీ232ఆర్ గానీ సీపీ2102ఎన్ గానీ తీసుకోండి. 115200 బోర్డులకే అయితే ఇది నిశ్చింతగా కొనొచ్చు.