ఫిగ్మా రివ్యూ: ఒకే బటన్ మూడు ప్లాట్‌ఫామ్‌లలో కుదురుగా నిలబడాలంటే

ఆండ్రాయిడ్‌లోనైనా, ఐఫోన్‌లోనైనా, వెబ్‌లోనైనా ఒకే పని ఒకేలా జరగాలి. ప్రొడక్ట్ డిజైనర్ రోజూ కుస్తీ పట్టేది దీంతోనే. అందులో ఫిగ్మా అనే స్క్రీన్లు గీసే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు అక్కరకొస్తుందో తేల్చడానికి పెద్ద పెద్ద స్క్రీన్లు అక్కర్లేదు, ఒక్క బటన్ చాలు.

ముందు కొలతలు. ఫైల్‌ను 1ఎక్స్ (అసలు సైజు) లెక్కలో గీస్తే కాన్వాస్‌పై, అంటే గీసే చోట, ఒక యూనిట్ ఆండ్రాయిడ్‌లో 1 డీపీ, ఐఓఎస్‌లో 1 పాయింట్, వెబ్‌లో 1 సీఎస్‌ఎస్ పిక్సెల్; ఇవి ఆయా ప్లాట్‌ఫామ్‌ల కొలత యూనిట్లు. వేలు ఆనే చోటు కనీసం 48×48 డీపీ ఉండాలంటుంది ఆండ్రాయిడ్; యాపిల్ 44×44 పాయింట్లు అంటుంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే ప్రమాణం, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అయితే డబుల్ ఏ (మధ్య) స్థాయికి, కొన్ని మినహాయింపులతో, 24×24 పిక్సెళ్లు అడుగుతుంది. బటన్ మీది అక్షరం 16, లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 24 అనుకుందాం. లోపలున్న దాన్ని బట్టి సైజు సర్దుకునే ఆటో లేఅవుట్‌లో పైనా కిందా 12 చొప్పున ప్యాడింగ్ (అంచుకూ అక్షరానికీ మధ్య ఖాళీ) ఇస్తే సరిగ్గా 48 వస్తుంది. 10 ఇస్తే 44. మౌస్‌తో వాడే వెబ్ పేజీకి 8 ఇస్తే 40.

ఈ 12, 10, 8లను ఒకే నంబర్ వేరియబుల్‌లో (పేరు పెట్టి దాచుకునే విలువలో) మూడు మోడ్‌లుగా, అంటే ప్లాట్‌ఫామ్‌కో విలువగా, పెట్టొచ్చు. ఫ్రేమ్‌కు (స్క్రీన్ లాంటి పెట్టెకు) ఐఓఎస్ మోడ్ తగిలిస్తే లోపలి బటన్లన్నీ వాటంతటవే 44కు దిగుతాయి. వేరియబుల్స్ 2023లో వచ్చాయి. అవి లేనప్పుడు ప్లాట్‌ఫామ్‌కో కాంపొనెంట్ (మళ్లీ మళ్లీ వాడుకునే అచ్చు) చేసుకోవాల్సి వచ్చేది. ఒకదాన్ని మారిస్తే మిగతా రెండింటినీ గుర్తుపెట్టుకుని మార్చాలి. ఫిగ్మాకు డబ్బు పెట్టడానికి ఈ ఒక్క సదుపాయమే చాలు. కాకపోతే ఎన్ని మోడ్‌లు దొరుకుతాయన్నది ప్లాన్‌ను బట్టి ఉంటుంది, కొనే ముందు చూసుకోవాలి.

ఈ మోడ్‌ల పద్ధతి తప్పేది ఎక్కువగా మూడు చోట్ల. ఎత్తును ‘హగ్’లో (లోపలి దానికి తగ్గట్టు సర్దుకునేలా) ఉంచకుండా 48కి ఫిక్స్ చేస్తే ప్యాడింగ్ మారినా బటన్ ఎత్తు మారదు. ఇన్‌స్టాన్స్‌ను (కాంపొనెంట్ నుంచి తీసిన ప్రతిని) డిటాచ్ చేస్తే అసలు కాంపొనెంట్‌తో తెగతెంపులే, ఆపై ఏ మార్పూ దానికి చేరదు. మూడోది పట్టుకోవడమే కష్టం: లోపలి ఫ్రేమ్‌కు ఎవరో విడిగా మోడ్ పెట్టి వదిలేస్తే, బయటి ఫ్రేమ్‌లో ఎన్నిసార్లు మోడ్ మార్చినా అది కదలదు. ఆ లేయర్‌లో మోడ్‌ను ‘ఆటో’కు తిప్పాలి.

తెలుగు ఇంటర్‌ఫేస్‌కు మరో పరీక్ష ఉంది. బటన్ మీది మాటలను స్ట్రింగ్ (టెక్స్ట్) వేరియబుల్‌లో ఇంగ్లిష్, తెలుగు మోడ్‌లుగా పెడితే ‘సేవ్’ ఉన్న చోట ‘భద్రపరచండి’ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో వెంటనే తెలుస్తుంది. వెడల్పు సంగతి సులువే. చిక్కంతా నిలువు కొలతతో. లాటిన్ అక్షరానికి హాయిగా సరిపోయే 24 లైన్ హైట్‌లో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల కింది వత్తులు, కింది వరుస గుడులు ఒకదానికొకటి తగలొచ్చు. పైగా ఫిగ్మా అక్షరాన్ని టెక్స్ట్ బాక్స్ దాటినా పూర్తిగా చూపిస్తుంది. ఎత్తు బిగించిన యాప్‌లో అదే వత్తు తెగిపోతుంది. కాన్వాస్ మీద అంతా బాగుందనిపించడానికి కారణం ఇదే. లైన్ హైట్‌ను కూడా వేరియబుల్ చేసి తెలుగుకు 28 ఇచ్చి, బటన్‌కు స్థిరమైన ఎత్తు కాకుండా కనీస ఎత్తు (ఆండ్రాయిడ్‌లో అయితే 48) పెట్టి, ఫోన్‌లో ఫిగ్మా యాప్ తెరిచి అసలు సైజులో ఒకసారి చదివి చూడాలి.

డెవలపర్‌కు అప్పగించేందుకు డెవ్ మోడ్ ఉంది. కొలతలు, వేరియబుల్ పేర్లు, పాత వెర్షన్‌తో తేడాలు శుభ్రంగా చూపిస్తుంది. అందులోని కోడ్ మాత్రం గీసినవాళ్ల క్రమశిక్షణ ఎంతో అంతే బాగుంటుంది: ఆటో లేఅవుట్ లేని ఫ్రేమ్‌కు ఎడమ నుంచి ఇంత, పై నుంచి ఇంత అని స్థిర స్థానాలే వస్తాయి. వాటిని యథాతథంగా వాడితే స్క్రీన్ వెడల్పు మారగానే అంతా చెదిరిపోతుంది. లోడింగ్, ఖాళీ, తప్పు స్థితులను గీయకపోతే ఫిగ్మా గుర్తుచేయదు కూడా. వాటిని వేరియంట్లుగా (ఒకే కాంపొనెంట్‌కు వేర్వేరు రూపాలుగా) మనమే పెట్టుకోవాలి.

ఫైల్ బరువెక్కితే నెమ్మదిస్తుంది. దాచిన లేయర్లు, అవసరానికి మించిన వేరియంట్లు మెమరీ తింటాయి కాబట్టి కాంపొనెంట్ లైబ్రరీని వేరే ఫైల్‌లో ఉంచడం మేలు.

ప్రోటోటైప్ (నొక్కి చూసే నమూనా) దగ్గరే నిరాశ. షరతులు, వేరియబుల్స్ వచ్చాక తప్పు పాస్‌వర్డ్‌కు ఎర్ర గీత చూపించడం వంటివి చక్కగా చేయొచ్చు. కానీ గడిలో నిజంగా టైప్ చేయడం కుదరదు. ఫారాలున్న యాప్‌లో జనం ఇరుక్కునేది అక్కడే. ఓటీపీ స్క్రీన్ తీసుకోండి. ఆరు గడులు గీస్తే కాన్వాస్ మీద ముచ్చటగా ఉంటుంది. డెవలపర్ వాటిని ఒక్కో అంకె పట్టే ఆరు ఇన్‌పుట్‌లుగా కడితే, కాపీ చేసిన కోడ్‌ను పేస్ట్ చేసినప్పుడు మొదటి గడిలో ఒక్క అంకె పడి మిగతావి పోతాయి. కీబోర్డ్ పైకొచ్చి ‘ముందుకు’ బటన్‌ను కప్పేయడమూ ప్రోటోటైప్‌లో కనిపించదు. ఇలాంటి స్క్రీన్‌కు ఫిగ్మాను నమ్ముకుని యూజర్ టెస్ట్ పెట్టొద్దు. ఒకే ఇన్‌పుట్‌ను ఆరు గడుల్లా కనిపించేలా చేసి, దానికి ఇన్‌పుట్‌మోడ్ ‘న్యూమరిక్’, ఆటోకంప్లీట్ ‘వన్-టైమ్-కోడ్’ పెట్టిన చిన్న వెబ్ పేజీ తయారుచేసి ఫోన్‌లో తెరవండి. పేస్ట్, ఎస్‌ఎంఎస్ నుంచి వచ్చే ఆటోఫిల్, అంకెల కీబోర్డ్, చివరి అంకె చెరిపితే కర్సర్ ఎక్కడ ఆగుతుందన్నది, ఈ నాలుగూ అక్కడ చూసుకున్నాకే గడుల రంగు, అంచుల గుండ్రదనం కోసం మళ్లీ ఫిగ్మాకు రండి.