నాలుగేళ్ల కొర్రన్నం: మా ఇంట్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు

2021 వానాకాలంలో మా ఆయనకి షుగర్ బయటపడింది. షుగర్‌కి చిరుధాన్యాలు మంచివంటారని ఆ వారమే కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తలా రెండు కిలోలు తెచ్చి డబ్బాల్లో పోశాను. బియ్యం డబ్బా అటక ఎక్కింది. నెల తిరక్కుండానే మళ్లీ కిందికి దిగింది. ఇప్పుడు వారంలో ఐదు మధ్యాహ్నాలు కొర్రన్నం, మిగతా పూటలు వరన్నమో జొన్నరొట్టెలో. ఈ లెక్క కుదరడానికి ఏడాదిన్నర పట్టింది.

బియ్యంలాగే వండుకోవచ్చని అందరూ చెప్పారు. ఆ మాట నమ్మి మొదటి నెలంతా కుక్కర్లో పెట్టాను. పైన ముద్ద, లోపల పలుకు. చల్లారితే గొంతు దిగేది కాదు. మా అబ్బాయి బాక్సు మూడు రోజులు వరసగా అలాగే తిరిగొచ్చింది.

ఆ తర్వాత కుదిరిన పద్ధతి ఇది. రాత్రే రెండుసార్లు కడిగి, ఒకసారి గాలించి నానబెడతాను. గాలించడం మానొద్దు, మట్టిబెడ్డలు తప్పకుండా వస్తాయి. పొద్దున మందపాటి గిన్నెలో గ్లాసుకి రెండున్నర గ్లాసుల ఎసరు పెట్టి, మరిగాక కొర్రలు వేసి, నీళ్లు ఇంకేదాకా సన్నమంట మీద ఉంచుతాను. దించాక పది నిమిషాలు మూత తీయను. ఆ పది నిమిషాల్లోనే మెతుకు విచ్చుకుంటుంది. తొందరపడి మూత తీసిన రోజు అన్నానికి ఆ రుచి రాదు.

ఇంకో సంగతి, కొర్రన్నానికి పలచటి సాంబారు సరిపోదు. పులుసంతా అడుక్కి జారిపోతుంది, మెతుకు పొడిగానే ఉంటుంది. పుల్లటి గోంగూర పప్పు, చిక్కటి ఉలవచారు, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగల రోటిపచ్చడి), వీటితో మాత్రం వరన్నం కంటే కొర్రన్నమే నాకు ఇష్టం. ఇది ఆరోగ్యం కోసం చెప్తున్న మాట కాదు, నాలుక చెప్పిన మాట. మా అబ్బాయి కూడా దోశతోనే దారికొచ్చాడు. మూడు పాళ్లు కొర్రలు, ఒక పాలు మినప్పప్పు, చెంచాడు మెంతులు వేసి రుబ్బితే అంచులు కరకరలాడతాయి. బాక్సులోకి అన్నం పెట్టడం మానేశాను.

మిగతా రకాల్లో పెరుగన్నానికి సామలు బాగుంటాయి. పులిహోరకి అరికలు. ఊదలు తొందరగా మెత్తబడతాయి, ఒంట్లో బాగాలేనప్పుడు జావకి మంచివి. అండుకొర్రలు రాత్రంతా నానినా మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, మళ్లీ కొనలేదు.

మా అవ్వది అనంతపురం జిల్లా. ఆమె చిన్నతనంలో రోజూ రాగి సంగటి, కొర్రన్నం. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చాక వాళ్లింట్లో ఆ తిండే మారిపోయింది. మేం కొర్రలు తింటున్నామని ఫోన్లో చెబితే సంబరపడుతుందనుకున్నాను. "మేం ఇడ్సిపెట్టిందాన్ని మీరు దుడ్లు పెట్టి కొంటాండారా?" అంది. ఆ గొంతులో బాధ వినిపించింది.

తర్వాత ఊరెళ్లినప్పుడు దగ్గర కూర్చుని అడిగాను. కొర్రల మీది పొట్టు ఒక పట్టాన ఊడదు. తెల్లారుజామునే లేచి రోట్లో పోసి దంచడం, చేటతో చెరగడం, మళ్లీ దంచడం. అరికలైతే పొర మీద పొర, పని ఇంకా ఎక్కువ. అంత చేస్తేగాని ఇంటిల్లిపాదికి ఒక పూట బువ్వ అయ్యేది కాదు. "బియ్యం వచ్చినాకనే నా చేతుల బొబ్బలు మానినాయి" అని అరచేతులు చూపించింది. అప్పటిదాకా పాతవాళ్లు మంచి తిండిని చేతులారా వదులుకున్నారని నేనూ అంటుండేదాన్ని. ఆ రోజు నుంచి అనలేదు. ఇప్పుడు పొట్టు తీసే మిల్లులున్నాయి కాబట్టి నేను డబ్బాలోంచి గ్లాసుతో కొలుచుకుంటున్నాను. ఆ సుఖం అవ్వకి లేదు.

షుగర్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మా ఆయన మూడు నెలల షుగర్ సగటు (HbA1c పరీక్ష) 8.1 నుంచి 7.2కి వచ్చింది. మాత్రలు ఆగలేదు, ఆపమని డాక్టరూ అనలేదు. ఆ తగ్గుదల అంతా కొర్రలదే అని నేను అనను. అదే ఏడాది ఆయన రోజూ నడవడం మొదలుపెట్టారు, కంచంలో కూర పెరిగింది, అన్నం సగమైంది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల కొర్రల్లో మాంసకృత్తులు 12 గ్రాముల దాకా ఉంటాయి, తెల్ల బియ్యంలో 8 గ్రాముల లోపే. పీచు కూడా కొర్రల్లోనే ఎక్కువ. కానీ ఆ 100 గ్రాముల్లో 60 గ్రాములకు పైగా పిండిపదార్థమే. మొదట్లో మా ఆయన, కొర్రలే కదా అని మారు వడ్డించుకునేవారు. ఆ రోజుల్లో తిన్న రెండు గంటలకి చూస్తే అంకె తగ్గేది కాదు. మందు అనుకుని తిన్నన్నాళ్లూ ఎక్కువ తిన్నారు, అన్నమని ఒప్పుకున్నాకే కొలత వచ్చింది.

మొదటి మూడు వారాలు ఆయనకి కడుపుబ్బరం, మలబద్ధకం. ఒక్కసారిగా మార్చడం నా పొరపాటు. వారానికి రెండు పూటలతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ పెంచుకుంటే ఆ బాధ ఉండేది కాదు.

కొనేటప్పుడు తెల్లగా మెరిసేవి చూసి మోసపోకండి. అవి పాలిష్ ఎక్కువ పట్టినవి, తవుడుతో పాటు పీచూ పోతుంది. పాలిష్ పట్టనివాటికి వేరే చిక్కుంది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఎండాకాలం తొందరగా ముక్కిపోతాయి. ఒకసారి పది కిలోలు తెచ్చి, సగం చేదెక్కి పారేశాను. ఇప్పుడు మూడు కిలోలకి మించి తేను, ఫ్రిజ్‌లో పెడతాను. ధర నాకు బియ్యానికి రెట్టింపు పైనే పడుతోంది. నలుగురున్న ఇంట్లో అది చిన్న మాట కాదు.

పోయిన సంక్రాంతికి అవ్వ మా ఇంటికొచ్చింది. ఆమెకి విడిగా సన్నబియ్యం వండాను. అందరి కంచాలూ చూసి, గోంగూర పప్పు కలిపిన నా కొర్రన్నం ఒక ముద్ద తీసుకుంది. "ఎసరు ఇంకొంచెం తగ్గిచ్చు" అంది. మర్నాటి నుంచి రెండుంపావు గ్లాసులే పోస్తున్నాను.