సియాటిల్ అలాస్కా క్రూజ్‌: అమ్మానాన్నలకి కెనడా వీసా లేకుండా డబ్బు కట్టకండి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఈ సీజన్‌లో అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దామని చూస్తున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగే ఓడ అయినా సరే, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అమెరికా విజిటర్ వీసాతో వచ్చినవాళ్లకి కెనడా వీసా కూడా ఉండాలి. లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, టికెట్ డబ్బులూ తిరిగి రావు. మా ఇంట్లో ఇదే జరిగింది. అదే గ్రూప్ ప్యాకేజీలో వచ్చిన ఇంకో తెలుగు కుటుంబానికీ అదే రోజు, అదే కౌంటర్ దగ్గర ఇదే జరిగింది.

ప్యాకేజీ మాకు వాట్సాప్‌లో వచ్చింది. తెలుగు కుటుంబాల కోసం ప్రత్యేకమైన గ్రూప్ అనీ, 7 రాత్రులనీ, రోజూ ఇండియన్ వెజిటేరియన్ భోజనం ఉంటుందనీ, పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ ఏర్పాటు కూడా చేస్తామనీ రాశారు. జూనో, స్కాగ్వే, కెచికాన్ ఫోటోలు పెద్దగా వేసి, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో విక్టోరియా అని పెట్టారు. అది చూసే ఏజెంట్‌ని అడిగాను. విక్టోరియా కెనడాలో ఉంది కదండీ, మా అమ్మానాన్నకి వేరే వీసా కావాలా అని మెసేజ్ పెట్టాను. "అక్కర్లేదు సార్. ఇది క్లోజ్డ్ లూప్ క్రూజ్. అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగుతారు, యూఎస్ వీసా చాలు. విక్టోరియాలో కిందికి దిగకపోతే అసలు ప్రాబ్లమే లేదు" అని జవాబిచ్చారు. ఆయన ఎన్నో గ్రూపుల్ని పంపినవారని మా కాలనీలో అందరూ చెప్పారు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

నాకూ మా ఆవిడకీ గ్రీన్ కార్డులున్నాయి. మా బాబు అమెరికా సిటిజన్. టెర్మినల్‌లో మా ముగ్గురి కాగితాలూ చూసి సరే అన్నారు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, కెనడా వీసా ఏదని అడిగారు. లేదంటే సూపర్‌వైజర్‌ని పిలిచారు. ఆమె మర్యాదగానే మాట్లాడింది కానీ ఒక్క మాట కూడా తగ్గలేదు: ఓడ కెనడా రేవులో ఆగుతుంది, ఓడలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా కెనడాలో అడుగుపెట్టడానికి కావలసిన కాగితాలు ఉండాలి, దిగినా దిగకపోయినా ఒకటే రూలు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, "వాళ్లు రూమ్‌లోనే ఉంటారని చెప్పండి సార్, వదిలేస్తారు" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆమెతోనే మాట్లాడమన్నాను. లైన్ కట్ అయింది. ఆ తర్వాత ఎత్తలేదు.

అప్పటికే సామాను ఓడలోకి వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి తెప్పించడానికి చాలాసేపు పట్టింది. అమ్మ మోకాళ్ల నొప్పితో కుర్చీలో కూర్చుని, "మీరు ముగ్గురూ వెళ్లి రండి, పిల్లాడు ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నాడు. మేం ఇంట్లో ఉంటాం" అంది. మేం వెళ్లలేదు. వాళ్ల కోసం అనుకున్న ప్రయాణానికి వాళ్లని రేవులో వదిలేసి ఎలా వెళ్తాం? పెద్దవాళ్ల చేత ఆ మాట అనిపించినందుకు ఆ ఏజెంట్ మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ఇంకో కుటుంబం పరిస్థితి మరీ అన్యాయం. భార్యాభర్తలిద్దరివీ హెచ్1బి (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ల మీద ఆధారపడినవాళ్ల వీసా). వాళ్లకీ కెనడా వీసా కావాలి. ఒక్కరూ ఎక్కలేకపోయారు.

అలాస్కా చూడ్డానికి వెళ్లే ఓడ విక్టోరియాలో ఎందుకు ఆగుతుందో తెలిస్తే, ఏజెంట్ ఏం చెప్పినా మీరు మోసపోరు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయి ఉంటాయి. 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అనే అమెరికా చట్టం ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల మధ్య మాత్రమే జనాన్ని తిప్పకూడదు. మధ్యలో ఏదో ఒక విదేశీ రేవుని తాకాలి. సియాటిల్ నుంచి వెళ్లే ఓడకి దగ్గరలో ఉన్న విదేశీ రేవు కెనడాదే. అందుకే చాలా ఓడలు చివరి రోజు సాయంత్రం విక్టోరియాలో కొన్ని గంటలు ఆగి, రాత్రికి బయల్దేరి పొద్దున్నే సియాటిల్ చేరుకుంటాయి. అంటే ఇది ఓడ కంపెనీ సరదాకి పెట్టుకున్న స్టాప్ కాదు, తీసేయడానికి వీల్లేదు. కోవిడ్ సమయంలో కెనడా తన రేవుల్ని క్రూజ్ ఓడలకి మూసేసినప్పుడు, అలాస్కా సీజన్ నడవడానికి 2021లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చేయాల్సి వచ్చింది. కాబట్టి "విక్టోరియా ఒక్కోసారి స్కిప్ చేస్తారండీ" అని ఎవరైనా అంటే నమ్మకండి. వాతావరణం బాగోలేక ఆ రోజు ఆగకపోయినా, ఎక్కేటప్పుడు మాత్రం వీసా చూస్తారు.

ఈ క్లోజ్డ్ లూప్ అనే మాట దగ్గరే చాలామంది పడిపోతున్నారు. అమెరికాలో ఒకే రేవులో ఎక్కి అక్కడే దిగే ప్రయాణాల్లో అమెరికా సిటిజన్లకి ఒక వెసులుబాటు ఉంది. పాస్‌పోర్ట్ లేకపోయినా బర్త్ సర్టిఫికెట్, ఫోటో ఐడీతో తిరిగి రావచ్చు. అది అమెరికా తన పౌరులకి ఇచ్చిన వెసులుబాటు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి దానితో ఏ సంబంధమూ లేదు. దాన్ని అందరికీ కలిపేసి ఏజెంట్లు చెప్పేస్తారు.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు. చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డ్ రెండూ చేతిలో ఉండాలి. బి2 (విజిటర్ వీసా) మీద వచ్చిన అమ్మానాన్నలకి, హెచ్1బి, హెచ్4, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి కెనడా వీసా తప్పనిసరి. అమెరికా వీసాకి సంబంధించి కూడా ఒకటి చూసుకోవాలి. పాస్‌పోర్ట్‌లోని హెచ్1బి వీసా స్టాంప్ గడువు అయిపోయి, 797 (హెచ్1బి ఆమోదించిన కాగితం), ఐ94 (ఏ తేదీ దాకా అమెరికాలో ఉండొచ్చో చెప్పే రికార్డు) మీద ఉంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్లొస్తే ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద తిరిగి రానిస్తారు. కానీ ఆ సౌకర్యం హెచ్1బి వాళ్లకి బహామాస్ లాంటి దీవులకి వర్తించదు. క్యూబా తప్ప దగ్గరి దీవులకి కూడా వర్తించేది ఎఫ్ (స్టూడెంట్), జే (ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్) వీసాల వాళ్లకి మాత్రమే. మయామీ నుంచి వీకెండ్ బహామాస్ క్రూజ్ అని తక్కువ ధరకి అమ్ముతుంటారు కదా, స్టాంప్ అయిపోయిన హెచ్1బి వాళ్లు దాని జోలికి వెళ్లకండి. అలాగే, క్రూజ్‌కి వెళ్లొస్తే అమ్మానాన్నలకి ఐ94లో కొత్తగా 6 నెలలు వస్తాయని చెప్పేవాళ్లుంటారు. కెనడాకి కొద్ది రోజులు వెళ్లొస్తే మామూలుగా పాత ఐ94 తేదీయే కొనసాగుతుంది. ఆ ఆశతో టికెట్ కొనొద్దు.

కెనడా విజిటర్ వీసాకి ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. మీరే చేసుకోవచ్చు, ఎవరికీ ఫీజు ఇవ్వక్కర్లేదు. అమ్మానాన్నలు ఇంకా బయల్దేరకపోతే ఇండియాలో ఉండగానే చేయించడం మేలు. హైదరాబాద్‌లోనే వేలిముద్రలు ఇవ్వచ్చు. ఇక్కడికి వచ్చాక అయితే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) సపోర్ట్ సెంటర్లలో ఇచ్చే వీలుంది కానీ, ఆ తర్వాత స్టాంప్ కోసం పాస్‌పోర్ట్ పంపాలి, అది తిరిగొచ్చే దాకా వాళ్ల చేతిలో పాస్‌పోర్ట్ ఉండదు. మొత్తానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అందుకే వరస ఇలా పెట్టుకోండి: ముందు వీసా, ఆ తర్వాత టికెట్. సీట్లు అయిపోతున్నాయని ఎవరు తొందరపెట్టినా సరే.

ఇక డబ్బు సంగతి. కాగితాలు లేక ఎక్కనివ్వకపోతే క్రూజ్ కంపెనీ టికెట్ డబ్బు ఇవ్వదు. ప్రయాణికుడి కాగితాలకి ప్రయాణికుడే బాధ్యుడని వాళ్ల కాంట్రాక్టులో ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా దీనికి వర్తించదు, మా క్లెయిమ్ కొట్టేశారు. పోర్ట్ పన్నులు, ఫీజులు మాత్రం ఓడ ఎక్కనివాళ్లకి మామూలుగా వెనక్కిస్తారు. కానీ అవి బుకింగ్ చేసిన ఏజెంట్ ద్వారా వస్తాయి కాబట్టి మేం వెంటపడి అడిగితే గానీ రాలేదు.

అసలు దెబ్బ తగిలింది డబ్బు కట్టిన పద్ధతి దగ్గర. గ్రూప్ రేటు రావాలంటే జెల్‌లోనే (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపాలన్నారు, కార్డుకి అదనంగా పడుతుందన్నారు. అందరమూ జెల్‌లోనే పంపాం. క్రెడిట్ కార్డుతో కడితే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే హక్కు చట్టం ప్రకారం ఉంది. ఏజెంట్ మెసేజ్ చేతిలో ఉంది కాబట్టి కనీసం పోరాడే దారి ఉండేది. మనంతట మనం జెల్‌లో పంపిన డబ్బుని బ్యాంకు సాధారణంగా వెనక్కి తెచ్చివ్వదు. ఏ క్రూజ్ అయినా సరే, కార్డు మీద క్రూజ్ కంపెనీ పేరుతోనే చార్జ్ పడేలా కట్టండి. అలా ఒప్పుకోని ఏజెంట్ దగ్గర కొనకండి. ఇంకొక విషయం, వాషింగ్టన్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, హవాయి రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవాళ్లు సెల్లర్ ఆఫ్ ట్రావెల్‌గా రిజిస్టర్ చేసుకోవాలని చట్టం ఉంది. ఆ నంబర్ అడగండి. మన ఊరివాడే, మన గుడికి వచ్చేవాడే అన్నది రిజిస్ట్రేషన్ కాదు.

మా గ్రూప్‌లో ఓడ ఎక్కగలిగిన కుటుంబాలు తిరిగొచ్చాక ఇంకొన్ని చెప్పాయి. అన్నీ కలిపిన ధర అన్నారు కదా, ఓడలో మాత్రం గ్రాట్యుటీ (సిబ్బందికి టిప్పు) పేరుతో మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా అకౌంట్‌లో పడింది. చిన్నపిల్లలకి కూడా. చాలా పెద్ద కంపెనీల్లో ఇది మామూలే, కానీ ముందే చెప్పాలి. ఇండియన్ భోజనం అంటే బఫేలో రెండు కూరలు. శుద్ధ శాకాహారం తినే పెద్దవాళ్లున్నవాళ్లు బయల్దేరే ముందే క్రూజ్ కంపెనీకి నేరుగా రాసి చెప్పుకోవాలి. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె స్కానింగ్‌లోనే తీసేసుకుంటారు. ఒకాయన ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకపోవడంతో అది ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి కలిసిపోయి పెద్ద బిల్లు వచ్చింది. మామూలు రోమింగ్ ప్యాకులు దానికి వర్తించవు. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీద, అమెరికా బయట పనిచేస్తుందో లేదో పాలసీ తీసి చూడండి. ఓడలో డాక్టర్ ఫీజు నేరుగా మీ అకౌంట్‌లో రాస్తారు.

కెనడా వీసా లేకుండానే అమ్మానాన్నలకి మంచు కొండలు చూపించే దారి ఉంది. మేం తర్వాత అదే చేశాం. సియాటిల్ నుంచి ఆంకరేజ్‌కి దేశం లోపలి విమానమే, మూడున్నర గంటలు. అక్కడి నుంచి సెవార్డ్‌కి వెళ్తే కెనై ఫ్యోర్డ్స్ పగటి బోట్లుంటాయి. గ్లేసియర్ ముక్కలు విరిగి నీళ్లలో పడటం దగ్గరగా చూసి సాయంత్రానికి ఒడ్డుకి వచ్చేస్తారు. పొద్దున్నే ఎక్కి సాయంత్రం దిగడం కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకి వారం రోజుల ఓడ కంటే ఇదే హాయి అని మా నాన్న అన్నారు. ఓడలోనే ఉండాలి అనుకుంటే, హవాయి దీవుల మధ్యే తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా ఉంది. అది అమెరికా జెండాతో నడిచే ఓడ కాబట్టి విదేశీ రేవు తాకక్కర్లేదు, హోనలూలు నుంచి 7 రాత్రులు.

ఇప్పటికే అలాస్కా టికెట్ కొనేసినవాళ్లు ఈ రాత్రే రెండు పనులు చేయండి. ఏజెంట్ ఇచ్చిన బుకింగ్ నంబర్‌ని క్రూజ్ కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి, పేర్లు, రేవుల జాబితా, మీ పేరు మీద ఎంత జమ అయిందో మీరే చూడండి. అక్కడే ఫైనల్ పేమెంట్ తేదీ కూడా ఉంటుంది. మామూలుగా అది బయల్దేరడానికి రెండున్నర, మూడు నెలల ముందు ఉంటుంది. ఆ తేదీ దాటకపోతే చాలా టికెట్లు డిపాజిట్ పోకుండానే, లేదా డిపాజిట్ మాత్రమే పోయేలా రద్దు చేసుకోవచ్చు. దాటిపోతే, రోజులు గడిచేకొద్దీ కోత పెరుగుతుంది. కెనడా వీసా చేతికి రాదనిపిస్తే అమ్మానాన్నల పేర్లు వరకైనా ఇప్పుడే తీయించండి.