క్విక్‌స్టెప్‌కి పేటెంట్ బూట్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మగవాళ్ల బాల్‌రూమ్ బూట్లు, పైన అద్దంలా మెరిసే పేటెంట్ లెదర్, కింద స్వేడ్ సోల్, అంగుళం మడమ. నాలుగేళ్లలో సుమారు 900 గంటలు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. అందులో ముప్పాతిక వంతు క్విక్‌స్టెప్ అనే వేగమైన జంట డాన్సుకే పోయింది. వాల్ట్జ్, టాంగో డాన్సుల్లో ఈ బూట్లకి వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు కాబట్టి వాటి జోలికి పోను. బాధంతా క్విక్‌స్టెప్‌లోనే, అందులోనూ ఒక కాలు రెండో కాలిని దాటి బిగిసే లాక్ స్టెప్ దగ్గరే. మొదటి ఏడాది చివర అడిగిన వాళ్లందరికీ ఇవే కొనమని చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను గానీ, అప్పుడు చెప్పని షరతులు కొన్ని ఉన్నాయి.

ముందు సోల్ సంగతి, ఎందుకంటే సంతోషమంతా అక్కడే ఉంది. స్వేడ్ అంటే తోలు లోపలి వైపు నూగు పైకి లేచి ఉండేది. మామూలు తోలు సోల్ మడమ మీదా జారుతుంది, ముని పాదం మీదా జారుతుంది. రబ్బరు సోల్ రెండు చోట్లా పట్టేస్తుంది. నేచురల్ స్పిన్ టర్న్ అనే కుడివైపు తిరిగే అడుగుల వరసలో, జోడీని నడిపించేవారి (మామూలుగా మగవారి) నాలుగో అడుగు చూడండి. ఎడమ కాలు వెనక్కి వేసి దాని ముని పాదం మీద కుడివైపుకి అర చుట్టు తిరగాలి. రబ్బరు సోల్‌తో పాదం అక్కడే ఉండిపోయి ఒళ్లు తిరుగుతుంది, ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది. స్వేడ్‌లో ఆ పేచీ లేదు. మడమతో ముందుకు వేసినప్పుడు కొద్దిగా జారుతుంది, బరువు ముని పాదం మీదికి వచ్చేసరికి నిలదొక్కుకుంటుంది. ఈ డాన్సుకి కావలసింది సరిగ్గా అదే.

ఎందుకు అదే అన్నది అర్థం కావాలంటే ఈ డాన్సు ఎక్కడ పుట్టిందో చూడాలి. అమెరికాలో 1914 ప్రాంతంలో మొదలైన ఫాక్స్‌ట్రాట్ అనే జంట డాన్సు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ డాన్సు హాళ్లని ముంచెత్తింది. బ్యాండ్లు దాన్ని తమకి తోచిన వేగంలో వాయించేవి. నిదానంగా వాయించినది స్లో ఫాక్స్‌ట్రాట్‌గా స్థిరపడింది. వేగంగా వాయించినదానికి 1925లో లండన్ చేరిన చార్లెస్టన్ అనే అమెరికన్ డాన్సు వచ్చి కలిసింది. 1927లో లండన్‌లో జరిగిన స్టార్ పోటీలో ఫ్రాంక్ ఫోర్డ్, మాలీ స్పెయిన్ జోడీ ఆ కలగలుపుని ఆడారు. చార్లెస్టన్‌కి గుర్తయిన మోకాళ్ల విసుర్లు తీసేసి, ఒకరినొకరు పట్టుకుని, నేల మీద సాగిపోతూ ఆడారు. క్విక్‌స్టెప్ అని ఇవాళ మనం నేర్చుకునేది ఆ దారిలో వచ్చిందే.

బూట్ల సమీక్షలో ఈ చరిత్ర ఎందుకంటే, చార్లెస్టన్‌లో పాదాలు విడివిడిగా గాల్లోకి ఎగురుతాయి. క్విక్‌స్టెప్ మూల అడుగుల్లో పాదాలు నేలని వదలకుండా, ఒకదాన్ని ఒకటి రాసుకునేంత దగ్గరగా కదులుతాయి. విసురు పోయి రాపిడి వచ్చింది. ఆ రాపిడి బూట్ల అంచుల మీద పడుతుంది.

అప్పటి హాళ్లు కూడా ఈ కదలికకి తగ్గట్టే ఉండేవి. 1919లో తెరిచిన లండన్ డాన్సు హాలు హామర్‌స్మిత్ పాలేలో మేపుల్ చెక్క నేల ఉండేది. ఇంగ్లండులోని 1899 నాటి బ్లాక్‌పూల్ టవర్ బాల్‌రూమ్ నేలలో మహాగని, ఓక్, వాల్‌నట్ చెక్క ముక్కలు 30,602 ఉన్నాయి. చెక్క కాస్త లోపలికి వంగి మళ్లీ పైకి తోస్తుంది. స్వేడ్‌కి అలాంటి నేల దొరికితే అంతకన్నా ఏం కావాలి!

ఇక అసలు విషయం. క్విక్‌స్టెప్ నిమిషానికి 50 నుంచి 52 బార్లు. బార్‌కి నాలుగు బీట్లు, అంటే నిమిషానికి 200 నుంచి 208. ఒక ‘క్విక్’కి, అంటే ఒక్క బీట్‌లో వేసే అడుగుకి, దక్కేది సెకనులో పదింట మూడు వంతులు. ‘స్లో’కి దానికి రెట్టింపు. ఈ లెక్క గుర్తుంచుకుని ఫార్వర్డ్ లాక్ చూడండి, నడిపించేవారి వైపు నుంచి. గోడవైపు ఏటవాలుగా తిరిగి ఉంటారు.

స్లో: కుడికాలు ముందుకి, జోడీ కుడిపక్క బయటగా, మడమతో. క్విక్: ఎడమకాలు ముందుకి ఏటవాలుగా, మునివేళ్ల మీద. క్విక్: కుడికాలు ఎడమకాలి వెనక్కి వచ్చి దాటుతుంది, ఇదే లాక్. స్లో: ఎడమకాలు మళ్లీ ముందుకి ఏటవాలుగా, చివర్లో మడమ కిందికి దిగుతుంది. ఆ వెంటనే కుడికాలు మడమతో ముందుకి, తర్వాతి అడుగు మొదలు. మన భాషలో తాళం వేయడం అంటే లాక్ చేయడమూ అవును, బీట్ పట్టడమూ అవును. ఈ అడుగులో రెండూ ఒకే క్షణంలో జరగాలి.

ఇక్కడే ఈ బూట్లు మొరాయించాయి. ఏడాదిన్నర వాడకం తర్వాత మూడో అడుగు దగ్గర ఒక చిన్న ‘కీచు’ వినబడటం మొదలైంది. పాదం పట్టేసి, వదులుతున్నట్టు ఉండేది. కుడికాలు వెనక్కి చేరగానే ఎడమకాలు ముందుకి పోవాలి కదా. అది కదలడానికి రెప్పపాటు ఆలస్యం అయ్యేది. అప్పటికే ఒళ్లు ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. ఫలితంగా ఛాతీ జోడీ మీదికి తోసినట్టవుతుంది, నాలుగో అడుగు పొట్టిదవుతుంది, మడమ దించడానికి టైం చాలదు, దాంతో తర్వాత మడమతో వేయాల్సిన అడుగు చదునుగా ‘టప్’మని పడుతుంది. స్లో క్విక్ క్విక్ స్లో కలిపి ఆరు బీట్లు, బార్‌కేమో నాలుగే. ఒక ఫిగర్ (ఇలాంటి ఒక అడుగుల వరస) ఒకటో బీట్ మీద మొదలైతే దాని తర్వాతది మూడో బీట్ మీద మొదలవుతుంది. మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీ ఉండదు. ఒక్క చోట వెనకబడితే ఆ వెనకబాటు మూల తిరిగేదాకా వెంట వస్తుంది.

ఇది బూట్ల తప్పని తట్టడానికి చాలా నెలలు పట్టింది. ఎవరైనా ముందు అనేది ‘కాళ్లు మరీ దగ్గరగా పెడుతున్నావు, వదులుగా వెయ్యి’ అనే. ఆ సలహా పాటిస్తే కీచు ఆగుతుంది, లాక్ పోతుంది. కుడికాలు పూర్తిగా దాటకుండా పక్కనే ఆగిపోతుంది, దానికి చోటివ్వడానికి తుంటి తిరుగుతుంది, తుంటితో పాటు భుజాలు, భుజాలతో పాటు జోడీ. పక్కగా సాగాల్సిన అడుగు ఎదురెదురుగా తయారై మోకాళ్లు కొట్టుకుంటాయి. ఒక తప్పు దిద్దబోయి నాలుగు తప్పులు కొనితెచ్చుకోవడం అన్నమాట.

ఆధారాలు రెండు దొరికాయి. మొదటిది, ఎదురుగా అదే లాక్‌ని వెనక్కి వేసే జోడీకి ఈ ఇబ్బందే లేదు. ఆడవాళ్ల వైపు ఎడమకాలు కుడికాలి ముందుగా దాటుతుంది, రాపిడి దాదాపు అంతే, కానీ ఆ బూట్లు శాటిన్‌వి. రెండోది, పేటెంట్ మీద మెరుపు తగ్గిన మచ్చలు. అవి ఎక్కడ పడితే అక్కడ లేవు. కుడి బూటు ముందు భాగంలో బయటి అంచున, ఎడమ బూటు మడమ వెనక భాగంలో, ఇక రెండు బూట్లకీ లోపలి అంచున బొటనవేలి కీలు దగ్గర. మొదటి రెండూ లాక్‌లో ఒకదానికొకటి తగిలే చోట్లు. మూడోది క్వార్టర్ టర్న్, ప్రోగ్రెసివ్ చాసే అనే అడుగుల వరసల్లో కాలు వచ్చి కాలిని కలిసే చోటు. మచ్చల్ని బట్టి అడుగులు చెప్పేయవచ్చు.

కారణం తేలికే. పేటెంట్ మీద ఉండేది ప్లాస్టిక్ లాంటి నున్నటి పూత. నునుపుకి నునుపు ఆనితే అతుక్కుంటుంది, రెండు గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. వేడికి ఆ పూత ఇంకాస్త జిగురెక్కుతుంది కాబట్టి మన ఎండాకాలంలో బాధ ఎక్కువ. కొత్తలో అంచులకి ఫ్యాక్టరీ పాలిష్ ఏదో ఉన్నట్టుంది, అది పోయేదాకా తెలియలేదు. పేటెంట్ బూట్లు డాన్సులోకి వచ్చింది డాన్సు కోసం కాదు. వెనక తోకల్లా వేలాడే కోటు ఉన్న సాయంత్రపు దుస్తులతో వేసుకునే మర్యాద బూట్లు అవి. నల్ల పాలిష్ అక్కర్లేదు కాబట్టి ఆడవాళ్ల గౌనులకి మరక అంటదని అప్పట్లో వాటిని మెచ్చేవారని చెబుతారు. చూపుకి ఇప్పటికీ వీటికి సాటి లేదు, ఆ మాట వెనక్కి తీసుకోను.

విరుగుడు పోటీలు ఆడే వాళ్లకి ఎప్పటినుంచో తెలిసిందే: పెట్రోలియం జెల్లీ. వేలికి పెసరగింజంత తీసుకుని ఒక బూటుకి సరిపెట్టాలి. లోపలి అంచు పొడవునా, కుడి బూటు ముందు భాగంలో బయటి అంచున, ఎడమ మడమ వెనక. కనబడీ కనబడనంత పలుచగా రాసి, పొడిగుడ్డతో ఒకసారి ఒత్తాలి. నలభై నిమిషాలకి ఒకసారి మళ్లీ రాయాలి. ఎక్కువ రాస్తే ప్యాంటు అంచుకి అంటుతుంది, దుమ్ము పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సోల్‌కి తగలకూడదు. స్వేడ్‌కి జెల్లీ అంటితే ఆ చోట నూగు పడుకుండిపోతుంది, మడమ అడుగు వేసినప్పుడు కాలు ఎటు పోతుందో తెలియదు. రాశాక చేతులు తుడుచుకున్న తర్వాతే, సోల్ నూగు లేపే వైర్ బ్రష్ పట్టుకోవాలి.

జెల్లీ రాసిన మొదటి రోజే లాక్ తిరిగి వచ్చింది. నెలల తరబడి అడుగులో వెతికిన తప్పు అంచుల మీద ఉందని తేలడం పెద్ద ఊరట.

సోల్ మీద చేసిన పొగడ్తకి కూడా ఒక సవరణ ఉంది. చెక్క నేల మీద రెండు గంటలకోసారి వైర్ బ్రష్‌తో నాలుగు తేలికపాటి గీతలు చాలు. మన దగ్గర ఎక్కువ హాళ్లలో ఉండేది విట్రిఫైడ్ టైల్స్, లేదా గ్రానైట్. వాటి మీద అరగంటకే నూగు నొక్కుకుపోయి సోల్ నల్లగా నిగనిగలాడుతుంది. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా అడుగు పెట్టొద్దు. తడి తగిలిన స్వేడ్ ఆరాక అట్టలా బిగుస్తుంది, ఎంత గీసినా మునుపటి మెత్తదనం రాదు. కొందరు జారకుండా సోల్‌కి ఆముదం చుక్క రాస్తారు. ఆ పద్ధతి ఇంగ్లండులోనూ ఉంది. పోటీలో రెండు నిమిషాలకి పనికొస్తుంది, రోజువారీ సాధనకి మాత్రం వద్దు. దుమ్ముతో కలిసి జిడ్డు పొర కడుతుంది.

టైల్స్ మీద ఆడుతూ పదే పదే బ్రష్‌తో గీయాల్సి రావడం వల్ల సోల్ రెండున్నరేళ్లకే పలచబడింది. మొదట అరిగింది కుడికాలి బొటనవేలి కీలు కింద. మార్పించేటప్పుడు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మందం స్వేడ్ మాత్రమే వేయించండి. మొదటిసారి బాగుచేసిన చోట గట్టిగా ఉంటుందని మందంగా వేశారు. బూటు వంగడం మానేసింది, లాక్‌లో మునివేళ్ల మీదికి లేవడమే కష్టమైంది. విప్పించి మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఇంకొకటి, గట్టి నేల వల్ల వచ్చే పిక్కల నొప్పి, మడమ వెనక నరం నొప్పి ఏ బూటూ ఆపదు. గ్రానైట్ మీద ఎగిరే అడుగులు, వరసగా పరుగులు పది నిమిషాలకి మించి సాధన చేయకపోవడమే మేలు.

మళ్లీ కొనాలా అంటే, మీ నేలని బట్టి. వారానికి రెండు మూడు సార్లు చెక్క నేల దొరికేవాళ్లు, పోటీల్లో కోటు వేసుకుని దిగేవాళ్లు ఇవే తీసుకోండి, జెల్లీ డబ్బాతో సహా. ఇంగ్లండులో చదువుకుంటూ యూనివర్సిటీ క్లబ్బులో క్విక్‌స్టెప్ నేర్చుకుంటున్నవాళ్లకి కూడా ఇదే మాట. టైల్స్ హాల్లో సాధన మాత్రమే చేసేవాళ్లకి పేటెంట్ అవసరం లేదు. నుబక్ (బయటి వైపు గీకి నూగు లేపిన తోలు) పైభాగం, అదే స్వేడ్ సోల్ ఉన్న బూట్లు చాలు. వాటి అంచులు అతుక్కోవు, కాకపోతే మరక పడితే పోదు. ఈ జత పాదం సన్నగా ఉన్నవాళ్లకి తీర్చినట్టు ఉంది. పాదం వెడల్పుగా ఉంటే వెడల్పు రకం అడగండి, సైజు మాత్రం పెంచవద్దు. పొడవెక్కువైన బూటు ముందు భాగం లాక్‌లో ఎడమ మడమకి తగులుతుంది, దానికి జెల్లీ కూడా పనిచేయదు.