మందపాటి స్వెటరా, పొరలుగా పలుచని దుస్తులా?

డిసెంబరులో విశాఖపట్నం తీరాన మధ్యాహ్నం చొక్కా చెమటకు తడుస్తుంటే, సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, 900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న అరకులో తెల్లవారుజామున చలికి పళ్లు టకటకలాడతాయి. మందపాటి ఉన్ని స్వెటరు లంబసింగి మంచులో హాయినిస్తుంది కానీ, ఎండెక్కాక విప్పితే సంచిలో సగం చోటు అదే ఆక్రమిస్తుంది, తడిస్తే ఒక పట్టాన ఆరదు. నూలు చొక్కా, పలుచని స్వెటరు, గాలిని ఆపే జర్కిన్ ఒకదానిపై ఒకటి తొడుక్కుంటే, వాటి నడుమ నిలిచే గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. పైగా బొర్రా గుహల మెట్లెక్కేటప్పుడు ఒకటి, రామకృష్ణా బీచికి చేరేసరికి మరొకటి తీసేయవచ్చు. నా మొగ్గు దీనివైపే. చంటిపిల్లలకు మాత్రం, మాటిమాటికీ విప్పి తొడగడం కన్నా మందపాటి స్వెటరే నయం. మంకీ టోపీ ఎలాగూ ఎవరికైనా తప్పదు.